పశువులు మేస్తే గడ్డినేలలో తేమ ఏమవుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

సూటిగా చెప్పండి: పశువులు మేస్తే నేల తేమ తగ్గుతుందా, పెరుగుతుందా?

రెండూ జరుగుతాయి. ఒక్కోసారి ఒకే నేలలో, ఒకే సమయంలో కూడా జరుగుతాయి. పైన పది సెంటీమీటర్లు ఎండిపోయి, అర మీటరు లోతులో మాత్రం పక్కనున్న మేయని నేల కంటే ఎక్కువ తడి ఉండటం అరుదేమీ కాదు. అందుకే దీని మీద వచ్చిన పరిశోధనలు చదివితే ఒకటి పెరిగిందంటుంది, ఇంకొకటి తగ్గిందంటుంది. ఎవరూ తప్పు చెప్పడం లేదు. వాన ఎంత, మట్టి ఏ రకం, మంద ఎంత పెద్దది, ఎంత లోతున కొలిచారు అన్నవి మారేకొద్దీ జవాబు మారుతుంది.

అయినా ఒక్క మాట ధైర్యంగా చెప్పొచ్చు. గడ్డి మొదలంటా అరిగిపోయి, మట్టి బయటపడేంతగా మేపిన చోట దాదాపు ఎప్పుడూ నష్టమే. అసలు వాదన ఉన్నదల్లా తేలికపాటి మేత, మధ్యస్థపు మేత దగ్గరే.

గడ్డినేల మీద పడిన వాన ఎటెటు పోతుంది?

కొంత గడ్డి ఆకుల మీదే ఆగి, నేలను తాకకుండానే ఆవిరైపోతుంది. కొంత పైపైన పారిపోతుంది. మిగిలింది ఇంకుతుంది. ఇంకిన దాంట్లో కొంత మట్టి పైపొర నుంచి నేరుగా ఆవిరవుతుంది, కొంతను వేళ్లు పీల్చి ఆకుల గుండా గాలిలోకి వదులుతాయి, ఇంకా మిగిలితే లోతుకు దిగి భూగర్భజలంలో కలుస్తుంది. వాన తక్కువగా ఉండే గడ్డినేలల్లో ఆ చివరి వాటా చాలా చిన్నది. పడిన నీటిలో 90 శాతం, అంతకన్నా ఎక్కువే, నేల నుంచో ఆకుల నుంచో తిరిగి గాలిలోకే పోతుంది.

ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు, హెక్టారుకు 10,000 లీటర్లు. ఈ లెక్క గుర్తుంటే కింద వచ్చే అంకెలన్నీ సులువుగా అర్థమవుతాయి.

పశువు ఈ దారులన్నింటినీ ఒకేసారి కదిలిస్తుంది. ఆకు తింటే పీల్చే నీరు తగ్గుతుంది. నీడ పోతే మట్టి నుంచి ఆవిరి పెరుగుతుంది. తొక్కితే ఇంకడం తగ్గుతుంది. ఏ మార్పు ఎక్కువైతే తేమ అటు మొగ్గుతుంది.

గడ్డి తగ్గితే నీళ్లు పీల్చేదీ తగ్గుతుంది కదా! మరి తేమ మిగలాలి కదా?

ఈ వాదనలో బలం ఉంది. చాలామంది దీన్ని కొట్టిపారేస్తారు కానీ, కొట్టిపారేయాల్సింది కాదు. పచ్చని గడ్డి బాగా ఎదిగిన రోజుల్లో రోజుకు 3 నుంచి 5 మిల్లీమీటర్ల నీరు వాడుతుంది. సగం ఆకు పశువు నోట్లోకి పోయాక, మళ్లీ చిగురించేదాకా ఆ వాడకం తగ్గుతుంది. వానలు బాగా పడుతూ, నేల ఎప్పుడూ గడ్డితో కప్పి ఉండే చోట ఈ ప్రభావమే పైచేయి అవుతుంది. అలాంటి చోట మేసిన నేల మేయని నేల కంటే తడిగా కనిపించడంలో వింతేమీ లేదు.

వానలు తక్కువైన చోట కథ మారుతుంది. గడ్డి తీసేస్తే ఎండ, గాలి నేరుగా మట్టికి తగులుతాయి. వేసవి మధ్యాహ్నం బోడి నేల పైభాగం 50 డిగ్రీల సెల్సియస్ దాటిపోగలదు. పక్కనే గడ్డి కప్పిన నేల దానికంటే చాలా చల్లగా ఉంటుంది. మొక్క పీల్చకుండా మిగిలిన నీటిని ఎండ పీల్చేస్తుంది. తేడా ఏమిటంటే మొక్క వాడిన నీటికి బదులుగా మేత వస్తుంది, ఎండ వాడిన నీటికి ఏమీ రాదు.

ఇక్కడ లోతు సంగతి చూడాలి. ఎండ వల్ల పోయే ఆవిరి ముఖ్యంగా పై 10–15 సెంటీమీటర్ల నుంచే పోతుంది. ఆ పొర పొడిబారాక కింది తేమ అంత తేలికగా పైకి రాదు. వేళ్లకు ఆ హద్దు లేదు, మీటరు లోతు నుంచైనా లాగుతాయి. అందుకే గట్టిగా మేసిన నేలలో పైన పొడి, కింద తడి. మేయని నేలలో నీడ వల్ల పైన తడి, లోతు వేళ్ల వల్ల కింద పొడి. ఎవరైనా “మేత వల్ల తేమ పెరిగింది” అంటే ముందు అడగాల్సిన ప్రశ్న “ఎంత లోతులో?” అన్నదే.

డెక్కల తొక్కిడి నేలను నిజంగా అంత గట్టిపరుస్తుందా?

పరుస్తుంది, అదీ పైపొరలో బాగా పరుస్తుంది. నిలబడి ఉన్న గొర్రె డెక్క కింద ఒత్తిడి సుమారు 50 నుంచి 80 కిలోపాస్కల్స్. ఆవు డెక్క కింద 100 నుంచి 200 దాకా ఉంటుంది. నడిచేటప్పుడు బరువు రెండు మూడు కాళ్ల మీదే పడుతుంది కాబట్టి ఇంకా పెరుగుతుంది. ట్రాక్టరు టైరు కింది ఒత్తిడికి ఇది ఏమీ తీసిపోదు. కాకపోతే డెక్క చిన్నది కావడంతో ఆ ఒత్తిడి లోతుకు వెళ్లదు. ఎక్కువ దెబ్బ పై 5–10 సెంటీమీటర్లకే. నేల బాగా తడిసి ఉంటే 20 సెంటీమీటర్ల దాకా పోవచ్చు.

దెబ్బ పైపొరకే కదా అని తేలిగ్గా తీసుకోవడానికి లేదు, ఎందుకంటే వాన లోపలికి పోవాల్సింది ఆ పొర గుండానే. మట్టిలో పెద్ద రంధ్రాలు, చిన్న రంధ్రాలు ఉంటాయి. వేళ్లు కుళ్లిన చోట, వానపాములు తిరిగిన చోట ఏర్పడే పెద్ద రంధ్రాలు నీటిని చకచకా కిందికి దించుతాయి. తొక్కిడికి మొదట మూసుకుపోయేవి అవే. చిన్న రంధ్రాలు నిలుస్తాయి గానీ వాటిలో నీరు మెల్లగా కదులుతుంది. గంటకు 40 మిల్లీమీటర్ల వేగంతో వాన కురుస్తూ, నేల గంటకు 20 మాత్రమే ఇంకించుకోగలిగితే సగం వాన పారిపోయినట్టే. చినుకు చినుకుగా రోజంతా పడిన వానకు ఈ తేడా కనబడదు, జడివానకు కనబడుతుంది.

మట్టి రకాన్ని బట్టి కూడా తేడా ఉంటుంది. ఇసుక నేలలో కొద్దిపాటి తొక్కిడి ఒక్కోసారి మేలు చేస్తుంది. అందులో రంధ్రాలన్నీ పెద్దవే కాబట్టి నీరు నిలవకుండా జారిపోతుంది. కాస్త అణిగితే కొన్ని రంధ్రాలు చిన్నవై నీటిని పట్టి ఉంచుతాయి. బంకనేలలో అలాంటి లాభం ఆశించకండి.

వాన పడిన వెంటనే మందను తోలితే ఏమవుతుంది?

ఇటుకల కోసం మట్టి తొక్కినట్టే అవుతుంది. తడి బంకమట్టి డెక్క కింద అణగదు, పక్కకు జరుగుతుంది. మట్టిగడ్డల నిర్మాణం చెదిరిపోయి, రంధ్రాలు పూడిపోయి, ఎండాక పెంకులా తేలుతుంది. డెక్క గుంటల్లో నీళ్లు నిలిచి, చూసేవాళ్లకు నేల తడిగానే ఉన్నట్టు అనిపిస్తుంది. ఆ నీరు ఇంకదు, అక్కడే ఆవిరైపోతుంది.

నా అభిప్రాయంలో మేత యాజమాన్యంలో తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితమిచ్చే నిర్ణయం ఇదే: పెద్ద వాన తర్వాత బంకనేల మీదికి రెండు మూడు రోజులు మందను తోలకపోవడం. గుప్పెడు మట్టి తీసి పిసికితే ముద్దయి వేళ్లకు అంటుకుంటోందంటే ఇంకా ఆగాలి. ఆ రోజులకు ఇసుక పాలు ఎక్కువున్న మెరక భూమి ఒకటి విడిగా ఉంచుకుంటే ఇబ్బంది ఉండదు.

గట్టిపడిన నేల మళ్లీ దానంతటదే వదులవుతుందా?

అవుతుంది, కానీ తొందరగా కాదు. తడిస్తే ఉబ్బి, ఎండితే పగిలే బంకనేలలు తమంతట తామే చాలావరకు కోలుకుంటాయి. చలి దేశాల్లో నేలలోని నీరు గడ్డకట్టి కరగడం కూడా అదే పని చేస్తుంది. కొత్త వేళ్లు, వానపాములు మిగతాది చూసుకుంటాయి. ఇసుక, ఒండ్రు కలిసిన నేలల్లో ఉబ్బే గుణం ఉండదు కాబట్టి భారమంతా వేళ్ల మీదా పురుగుల మీదా పడుతుంది. పైపొరకు ఒకటి రెండు సీజన్లు చాలవచ్చు, బాగా దెబ్బతిన్న చోట ఏళ్లు పడుతుంది. గడ్డి లేకపోతే వేళ్లుండవు, వేళ్లు లేకపోతే ఎన్నాళ్లు ఖాళీగా వదిలినా పెద్దగా ఫలితం ఉండదు.

డెక్కలు నేల పైపెచ్చును పగలగొడితే నీరు బాగా ఇంకుతుందంటారు. నిజమేనా?

జింబాబ్వేకు చెందిన జీవావరణ శాస్త్రవేత్త అలన్ సేవరీ ఎన్నో ఏళ్లుగా చెబుతున్న మాట ఇది. 2013లో ఆయన ఇచ్చిన ఒక ప్రసంగంతో ప్రపంచమంతా పాకింది. పెద్ద మందను ఒత్తుగా, కొద్దిసేపే తోలితే డెక్కలు పెచ్చును పగలగొట్టి, ఎండుగడ్డిని నేలకు తొక్కి, ఇంకుడు పెంచుతాయన్నది సారాంశం.

ఎండుగడ్డిని నేలకు తొక్కడం వల్ల లాభం ఉంది, దాన్ని కాదనలేం. పెచ్చు సంగతే తిరకాసు. పెచ్చు రెండు రకాలు. చినుకుల దెబ్బకు బోడి మట్టి అణిగి ఏర్పడేది ఒకటి. దాన్ని పగలగొడితే ఇంకుడు పెరుగుతుంది గానీ, తర్వాతి జడివానకే మళ్లీ ఏర్పడుతుంది. దానికి అసలు మందు నేల మీద కప్పు. రెండోది సూక్ష్మజీవులు, లైకెన్లు, నాచు కలిసి ఎండు ప్రాంతాల్లో కట్టుకునే సజీవమైన పొర. అది మట్టి కొట్టుకుపోకుండా, గాలికి ఎగరకుండా పట్టి ఉంచుతుంది. ఒకసారి నలిగితే కోలుకోవడానికి ఏళ్లు, కొన్నిచోట్ల దశాబ్దాలు పడుతుంది. మీ నేలలో ఉన్నది ఏ పెచ్చో చూడకుండా ఈ సలహా పాటించడం ప్రమాదం.

మేతకూ వేళ్లకూ సంబంధం ఏమిటి?

ఆకు పోతే వేరు ఆగుతుంది. మొక్క ఆహారం తయారుచేసేది ఆకులోనే కాబట్టి, ఉన్నట్టుండి ఆకు పోయినప్పుడు మిగిలిన శక్తిని ముందు కొత్త ఆకుకే ఖర్చు పెడుతుంది. అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసిన ఫ్రాంక్లిన్ క్రైడర్ 1955లో ప్రచురించిన ప్రయోగాలు ఈ విషయంలో ఇప్పటికీ చెప్పుకునేవి. 40 శాతం వరకు ఆకు కోసినప్పుడు వేళ్ల పెరుగుదల ఆగలేదు. 80 శాతం కోస్తే వేళ్లన్నీ దాదాపు 12 రోజులు ఆగిపోయాయి, 90 శాతం కోస్తే దాదాపు 17 రోజులు. సగం మేపి సగం వదలాలి అన్న మేతదారుల లెక్కకు ఈ అంకెలే ఊతం.

తేమ విషయంలో దీని అర్థం చాలా పెద్దది. పదే పదే కొరికిన గడ్డికి వేళ్లు పొట్టివైపోతాయి. నేల లోపల నీరున్నా అందదు. పైన పది సెంటీమీటర్లు ఎండగానే మొక్క వాడిపోతుంది. నేలలో తేమ ఉండి కూడా గడ్డి కరువులో బతకాల్సి వస్తుంది. వాన వెనకబడిన ఏడాదిలో ఒకే రకం నేల, ఒకే వాన ఉన్న రెండు పొలాల్లో ఒకటి పచ్చగా, ఒకటి గోధుమరంగులో కనబడితే ఎక్కువసార్లు కారణం ఇదే.

మరి ఆ గడ్డికి అందని లోతు తేమ ఎవరికి పోతుంది?

పొదలకు. గట్టిమేత వల్ల గడ్డి బలహీనపడిన చోట లోతు వేళ్లున్న ముళ్లపొదలు పైకి రావడానికి ఇదొక కారణం. అలా బలహీనపడిన గడ్డి పైపొర నీటితో బతుకుతుంది, పొద కింది నీటితో. గడ్డి తగ్గితే కార్చిచ్చుకు ఇంధనం తగ్గి, పొదల మొలకలు కాలిపోకుండా మిగలడం రెండో కారణం. అమెరికా, మెక్సికో సరిహద్దులోని చివావా ఎడారి అంచుల్లో ఒకప్పటి గడ్డినేలలు ఇలాగే పొదలుగా మారాయి. అక్కడ పశువుల మేతతో పాటు కరువులూ పాత్ర పోషించాయి కాబట్టి నేరమంతా మంద మీదే మోపలేం.

ఒకసారి పొదలు పాతుకున్నాక నీరూ ఎరువూ పొద మొదట్లోకి చేరతాయి, పొదల మధ్య నేల బోడిగా మిగిలి వాన పారిపోతుంది. అప్పుడు మందను ఆపేసినా గడ్డి తిరిగి రాకపోవచ్చు.

ఎండుగడ్డి నేల మీద వదిలేయడం వృథా కాదా?

మేత పరంగా కొంత వృథాయే. నీటి పరంగా మాత్రం మీ పొలంలో అంతకన్నా చవకైన ఏర్పాటు లేదు. చినుకు దెబ్బ నేరుగా మట్టికి తగలనివ్వదు, పారే నీటి వేగం తగ్గిస్తుంది, నీడనిస్తుంది, తర్వాత కుళ్లి వానపాములకు తిండి అవుతుంది.

ఒక మినహాయింపు ఉంది. ఎండుగడ్డి మందంగా పేరుకుంటే ప్రతి చిన్న జల్లులోనూ ఒకటి రెండు మిల్లీమీటర్లు తానే తాగేసి ఆవిరి చేస్తుంది. ఎప్పుడూ రెండు మూడు మిల్లీమీటర్ల జల్లులే పడే ప్రాంతంలో అది గణనీయమైన నష్టం. ఏళ్ల తరబడి మేయకుండా వదిలిన నేలలో పైన దట్టమైన చాప ఏర్పడి, కింద కొత్త పిలకలకు వెలుతురు అందక గడ్డి దుబ్బులు చచ్చిపోవడం కూడా ఉంది.

అయితే మేత పూర్తిగా ఆపేస్తే తేమ పెరుగుతుందా?

మొదటి కొన్నేళ్లలో పైపొరకు మేలు కనబడుతుంది. కప్పు పెరుగుతుంది, ఇంకుడు పెరుగుతుంది. బాగా పాడైన నేలకు ఇది అవసరం కూడా. ఆ తర్వాత గడ్డి ఒత్తుగా ఎదిగి లోతు నీటిని ఎక్కువగా వాడటం మొదలుపెడుతుంది. కంచె వేసి దీర్ఘకాలం మూసేసిన గడ్డినేలల్లో పైపొర తేమ పెరిగినా, లోతు పొరలు పొడిబారిన సందర్భాలు ఉన్నాయి. కాబట్టి “ఎన్నేళ్లు మూసేస్తే అంత మంచిది” అనుకోనక్కరలేదు. నేల కోలుకున్నాక తేలికపాటి మేత తిరిగి మొదలుపెట్టడంలో తప్పు లేదు.

వంతుల మేత (పొలాన్ని మళ్లుగా విడదీసి మందను ఒకదాని తర్వాత ఒకదానిలో మేపడం) తేమకు మంచిదా, లేక మందను ఏడాదంతా ఒకేచోట వదలొచ్చా?

దీనిమీద జరిగినంత గొడవ ఇంకే ప్రశ్న మీదా జరగలేదేమో. 2008లో గడ్డినేలల శాస్త్రవేత్త డేవిడ్ బ్రిస్క్, ఆయన సహచరులు అప్పటిదాకా జరిగిన ప్రయోగాలను సమీక్షించి, గడ్డి దిగుబడిలో వంతుల మేతకు ప్రత్యేకమైన ఆధిక్యం కనబడలేదని తేల్చారు. ప్రయోగాల్లో వంతులు క్యాలెండరు ప్రకారం నడిచాయనీ, నేలను చూసి మార్చుకునే అసలు పశుపోషకుడి పద్ధతి అది కాదనీ వంతుల మేతను సమర్థించే పక్షం బదులిచ్చింది. ఆ అభ్యంతరం సబబైనదే.

నాకు తోచేది ఇది: మంద సంఖ్య సరిగ్గా లేకపోతే ఏ వంతూ కాపాడదు. పది పశువుల మేతకు ముప్పై పశువులను తోలి, వాటిని ఎన్ని మళ్లలో తిప్పినా నేల బోడి కాక మానదు. సంఖ్య సరిపోయాక మాత్రం వంతుల వల్ల రెండు లాభాలున్నాయి. గడ్డికి ఆకు, వేరు తిరిగి పెరిగే విరామం దొరుకుతుంది. తడి రోజుల్లో మెత్తటి నేలను తప్పించుకునే వీలు ఉంటుంది. చెడ్డవైపు కూడా ఉంది: ఒత్తుగా కట్టిన మందను తడి నేలలో ఒక్క రోజు ఉంచితే, చెల్లాచెదురుగా తిరిగే మంద నెలలో చేసే నష్టం ఆ ఒక్క రోజులో జరగొచ్చు.

గొర్రెలు, మేకలు, ఆవులు: దేని వల్ల ఎక్కువ నష్టం?

ఆవు బరువుతో తొక్కుతుంది, కానీ నాలుకతో చుట్టి తెంపుతుంది కాబట్టి మొదళ్లు కొంత మిగులుతాయి. గొర్రె తేలిక, కానీ నేలకు అంటుకునేలా కొరుకుతుంది. దాని వల్ల కప్పు పోయే ప్రమాదం ఎక్కువ. మేకకు గడ్డి కంటే పొదల ఆకులంటే ఇష్టం, అందుకని పొదలు పెరుగుతున్న చోట మేకలు కొంత ఉపయోగపడతాయి కూడా. జాతి కంటే సంఖ్యే ముఖ్యం.

పశువులు తాగే నీరు లెక్కలోకి వస్తుందా?

రాదు. ఒక ఆవు రోజుకు 50 లీటర్లు తాగిందనుకుందాం. హెక్టారు మీద పరిస్తే అది 0.005 మిల్లీమీటరు. అదే హెక్టారులో పచ్చగడ్డి ఒక్క రోజులో 30,000 లీటర్లకు పైగా గాలిలోకి వదులుతుంది. తాగింది పెద్ద విషయం కాదు గానీ, ఎక్కడ తాగుతుందన్నది పెద్ద విషయమే.

నీటి తొట్టి చుట్టూ ఎందుకు ఎప్పుడూ బోడిగా ఉంటుంది?

రోజూ మందంతా అక్కడికే వచ్చి, అక్కడే నిలబడి, అక్కడే పేడ వేస్తుంది. తొట్టి నుంచి దూరం వెళ్లేకొద్దీ తొక్కిడి తగ్గుతూ గడ్డి పెరుగుతూ వలయాలుగా కనబడుతుంది. ఆస్ట్రేలియా ఎండు ప్రాంతాల్లో ఈ వలయాలను 1960ల నుంచే అధ్యయనం చేశారు. మధ్య వలయంలో నేల రాయిలా ఉంటుంది, ఇంకుడు దాదాపు ఉండదు. తొట్టిని, ఉప్పు దిమ్మెను అప్పుడప్పుడు చోటు మారిస్తే మంద పొలమంతా పరుచుకుంటుంది. వాలు నేలలో అయితే తొట్టి వాలు అడుగున పెట్టకండి. పైనుంచి కిందికి పడిన నడకదారులే తర్వాత వాననీటి కాలువలవుతాయి.

పేడ వల్ల తేమకు ఏమైనా ఉపయోగం ఉందా?

ఉంది, అది ఎక్కువగా పురుగుల ద్వారా వస్తుంది. పేడపురుగులు పేడ కింద సొరంగాలు తవ్వి దాన్ని లోపలికి లాక్కుపోతాయి. ఆ సొరంగాల గుండా వాన నేరుగా కిందికి దిగుతుంది. ఆస్ట్రేలియాలో స్థానిక పేడపురుగులు కంగారూల వంటి జంతువుల చిన్న పెంటికలకు అలవాటుపడినవి, ఆవుపేడ వాటి వల్ల కాలేదు. పేడ పేరుకుపోయి, ఈగలు ముసిరి, చివరికి 1960లలో ఆ దేశపు పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓ విదేశాల నుంచి పేడపురుగులను తెప్పించి వదలాల్సి వచ్చింది. పశువులకు వేసే కొన్ని నులిపురుగుల మందులు పేడలోకి వచ్చి ఈ పురుగులను చంపుతాయి. అవసరం లేకుండా మంద మొత్తానికీ మందు వేయకపోవడం మంచిది.

సేంద్రియ కర్బనం ఒక శాతం పెరిగితే నేల లక్షల లీటర్లు పట్టి ఉంచుతుందని చదివాను. నమ్మొచ్చా?

అంతగా నమ్మకండి. 2018లో మినాస్నీ, మెక్‌బ్రాట్నీ అనే ఇద్దరు మట్టి శాస్త్రవేత్తలు ప్రపంచవ్యాప్తంగా దొరికిన కొలతలను కలిపి చూశారు. కర్బనం ఒక శాతం పెరిగితే, ప్రతి 10 సెంటీమీటర్ల మట్టిలో మొక్కకు అందే నీరు సగటున 1.16 మిల్లీమీటర్లు పెరుగుతుందని తేలింది. అంటే హెక్టారుకు సుమారు 11,600 లీటర్లు. వినడానికి పెద్దదే, వానగా చూస్తే ఒక చిన్న జల్లు. ఇసుక నేలలో కాస్త ఎక్కువ, బంకనేలలో తక్కువ. పైగా మేతతో కర్బనాన్ని అంతగా పెంచడానికి చాలా ఏళ్లు పడుతుంది.

దీన్ని ఇంకుడుతో పోల్చి చూడండి. నేల కప్పు బాగుండి, ఒక్క జడివానలో పారిపోయే నీరు 10 మిల్లీమీటర్లు తగ్గితే హెక్టారుకు 1,00,000 లీటర్లు లోపలికి చేరినట్టు. ముందు తలుపు తెరిచి ఉందా లేదా చూడాలి, గోదాము సైజు సంగతి తర్వాత. ప్రచారంలో మాత్రం ఎప్పుడూ గోదాము గురించే వినబడుతుంది.

మంచు పడే గడ్డినేలల్లో కూడా ఇదే లెక్కా?

అదనంగా ఇంకొకటి ఉంటుంది. మధ్య ఆసియా, మంగోలియా మైదానాల్లో చలికాలపు గాలి మంచును ఎగరేసుకుపోతుంది. నిలబడి ఉన్న ఎండు గడ్డి దాన్ని పట్టి ఆపుతుంది. శరదృతువులో నేలబారుగా మేపేస్తే మంచు ఆగదు, వసంతంలో కరిగి ఇంకే నీరూ ఉండదు. వానల సీజనులో ఎంత జాగ్రత్తగా మేపినా ఆ నష్టం పూడదు.

తేమను ఎలా కొలవాలి? సెన్సర్ చూపించే శాతాన్ని నమ్మొచ్చా?

అతి నమ్మకమైన పద్ధతి పాతదే: మట్టి తీసి తూచి, 105 డిగ్రీల దగ్గర ఒక రోజు ఓవెన్‌లో ఎండబెట్టి మళ్లీ తూచడం. సెన్సర్లు సౌకర్యం, ఏ రోజుకారోజు మార్పు చూపిస్తాయి. వైర్లను మాత్రం గొట్టంలో పెట్టి పాతండి, పశువులకు అవీ మేతే.

మేసిన నేలనూ మేయని నేలనూ పోల్చేటప్పుడు ఒక మోసం దాగి ఉంటుంది. సెన్సర్ చూపేది ఘనపరిమాణం ప్రకారం శాతం. ఓవెన్ చూపేది బరువు ప్రకారం. ఒకదాన్నుంచి ఇంకొకటి రావాలంటే మట్టి సాంద్రతతో గుణించాలి. రెండు నేలల్లోనూ బరువు ప్రకారం తేమ 20 శాతమే అనుకుందాం. వదులైన నేల సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.2 గ్రాములైతే సెన్సర్ 24 శాతం చూపాలి. తొక్కిడికి 1.5 అయిన నేలలో 30 చూపాలి. ఒక్క చుక్క నీరు ఎక్కువ చేరకుండానే తొక్కిన నేల మీద “తేమ పెరిగింది” అని రిపోర్టు రాసేయొచ్చు! పైగా అణిగిన మట్టి ఆ నీటిని గట్టిగా పట్టుకుంటుంది, వేరు దాన్ని లాగలేదు. సాంద్రత చెప్పకుండా తేమ శాతం మాత్రమే ఇచ్చిన పోలికను నేనైతే పక్కన పెట్టేస్తాను.

ఉపగ్రహాల సంగతి: 2009లో ప్రయోగించిన యూరప్ వారి స్మోస్, 2015లో ప్రయోగించిన నాసా వారి స్మాప్ నేల తేమను కొలుస్తాయి. కానీ అవి చూసేది పై 5 సెంటీమీటర్లే, అదీ పదుల కిలోమీటర్ల గడులుగా. ప్రాంతమంతా కరువుందా అన్నదానికి పనికొస్తాయి, మీ కంచెకు ఇటూ అటూ తేడా చెప్పడానికి పనికిరావు.

వాన లేని ఏడాది ఏం చేయాలి?

మంద తగ్గించే నిర్ణయం ముందే తీసుకోవాలి. గడ్డి అయిపోయాక తగ్గిస్తే అప్పటికే నేల కప్పు కూడా పోయి ఉంటుంది, తర్వాత వచ్చే మంచి వాన కూడా పారిపోతుంది. కరువు పోయాక మందను తిరిగి పెంచడంలోనూ తొందర వద్దు. మొదటి వానకు వచ్చిన చిగురును వెంటనే మేపితే, వేళ్లలో మిగిలిన కాస్త శక్తీ ఖర్చయిపోతుంది. గడ్డి జానెడైనా ఎదిగేదాకా మందను వేరేచోట ఉంచి, నిల్వ మేత వేయడమే నయం.

పరికరాలేవీ లేకుండా నా నేల నీరు తాగుతోందో లేదో తెలుసుకోవచ్చా?

15 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న ఇనుప గొట్టం ముక్క ఒకటి చాలు. పైన గడ్డి కత్తిరించి, గొట్టాన్ని నాలుగైదు సెంటీమీటర్లు నేలలోకి దించండి. అందులో 440 మిల్లీలీటర్ల నీరు పోస్తే 25 మిల్లీమీటర్ల వాన పడినట్టు. మట్టి చెదరకుండా అడుగున పల్చటి ప్లాస్టిక్ కాగితం పరిచి, పోశాక మెల్లగా లాగేయండి. నీరు పూర్తిగా ఇంకడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోండి. వెంటనే రెండోసారి అంతే పోయండి. పొడి నేల మొదటిసారి నీటిని తొందరగా తాగేస్తుంది కాబట్టి రెండో కొలతనే లెక్కలోకి తీసుకోవాలి.

ఒకే చోట చేసి ఊరుకోవద్దు. గడ్డి దుబ్బు మొదట్లో, రెండు దుబ్బుల మధ్య ఖాళీలో, మంద నడిచే దారిలో, వీలైతే కంచె అవతల మేయని చోట చేయండి. దుబ్బు మొదటికీ ఖాళీకీ మధ్య తేడా చాలా ఎక్కువగా ఉంటే ఇంకుతున్నదంతా దుబ్బుల దగ్గరే అని అర్థం. అప్పుడు ఆ ఖాళీలు ఏటా పెరుగుతున్నాయా, తగ్గుతున్నాయా అన్నది ఒకే చోట నిలబడి ఒకే నెలలో ఫోటో తీసి చూసుకోండి.